మా ఆయన మరదలికి చెప్పిన ఈజిప్టు పాఠం

నేను కాపురానికి వచ్చిన మూడో రోజు పొద్దున్న పెరటి గుమ్మంలోంచి ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో అప్పుడే తీసిన వెన్న. చెప్పులు ఎక్కడ విడవాలో, పిల్లి దూరకుండా తలుపు ఎంతవరకు నొక్కాలో ఆమెకు తెలుసు. నాకు ఇంకా ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలియదు.

"నువ్వేనా అక్కా? పెళ్ళిలో మొహం సరిగ్గా చూళ్ళేదు, తలొంచుకునే ఉన్నావు" అంది. మొదటి మాటలోనే నువ్వు. వెంటనే నా భుజం మీదుగా లోపలికి చూసి, "ఏంటి బావా, మొహం అలా పెట్టావు? కాఫీలో పంచదార తక్కువైందా?" అని నవ్వింది.

ఆయన మొహం ఎలా పెట్టారో నేను గమనించనే లేదు. ఆ కాఫీ కలిపింది నేను.

మధ్యాహ్నం బచ్చలాకు తుంచుతూ మా అత్తగారు చెప్పారు. "మా అన్నయ్య కూతురమ్మా. తల్లి లేని పిల్ల. మూడేళ్ళప్పుడు తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టాడు. మా వాడూ ఇదీ ఒకే కంచంలో తిన్నారు, ఒకే మంచంలో పడుకున్నారు. పెద్దమనిషయ్యాక, ఇంక బావుండదని వాళ్ళ నాన్నింటికి పంపాం. అదిగో, వెనక వీధే." నేను అడక్కుండానే, "పుట్టినప్పుడే అనుకున్నాం, దీనికి వాడని. వాడే వద్దన్నాడు. కలిసి పెరిగాం కదమ్మా, అలా చూళ్ళేనన్నాడు" అన్నారు.

వాడే వద్దన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రెండేళ్ళు కాపురం చేశాను.

మాది పెద్దాపురం. నాన్న బడిపంతులు. మా ఇంట్లో మేనరికాలు లేవు. చరిత్రలో ఎమ్మే చేసి, పెళ్ళయ్యాక పాలకొల్లులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. మా అత్తవారి ఊరు అక్కడికి బస్సులో ఇరవై నిమిషాలు. ఆయనకు ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం, కాలవ నీళ్ళు ఆపి వదిలే లాకుల పని. నెమ్మదైన మనిషి. నన్ను పల్లెత్తు మాట అనలేదు. కడుపు మండడానికి నాకు ఏ కారణమూ ఇవ్వలేదాయన. అయినా మండేది.

ఒకసారి కందబచ్చలి కూర చేశాను. ఆవ నూరి, చింతపండు పిసికి, అత్తగారు చెప్పినట్టే. ఆయన మాట్లాడకుండా తిన్నారు. పది రోజుల తరవాత మళ్ళీ అదే కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తలెత్తి, "ఇవాళ అది వచ్చిందా?" అన్నారు. అది అంటే ఆ అమ్మాయి. నేను కాలేజీనుంచి ఆలస్యంగా వచ్చానని ఆమె వచ్చి చేసి వెళ్ళింది. ఆయనకు మొదటి ముద్దలోనే తెలిసిపోయింది. ఆ పూట నేను ఆ కూర వేసుకోలేదు. మజ్జిగ పోసుకుని తిని లేచాను.

ఆమె మీద నాకు ఒక్క వంకా దొరికేది కాదు. వాళ్ళ నాన్న పొలం పనులు చూసేది, నవ్వేది, ఎవరైనా ఏదైనా అడిగితే కాదనేది కాదు. ఇంటర్ తరవాత చదువు ఆపేసి, ఇంట్లోనే ఉండి దూరవిద్యలో డిగ్రీ కట్టింది. ఆఖరి సంవత్సరం ప్రపంచ చరిత్ర పేపరు ఉంది. ఒకరోజు వాళ్ళ నాన్నగారు వచ్చి, తువ్వాలు భుజం మీదనుంచి తీసి చేతిలో పట్టుకుని, "మా పిల్లకి కాస్త నువ్వు చెబితే గట్టెక్కుతుందమ్మా" అన్నారు. నేను జవాబు చెప్పేలోగానే మా ఆయన, "చెబుతుంది మావయ్యా, దానికేముంది" అన్నారు.

నిజానికి ఒప్పుకోవడం నాకూ ఇష్టమే. ఈ ఇంట్లో ఆమెకు తెలియనిది, నాకు మాత్రమే తెలిసినది ఒకటుందని, అది అడుక్కోవడానికి ఆమె నా ముందు కింద కూర్చుంటుందని.

సాయంత్రం అయిదింటికి వచ్చేది. వీధి అరుగు మీద చాప. నేను కుర్చీలో. చురుకైన పిల్ల. ఒకసారి చెబితే చాలు. అదీ నాకు నచ్చలేదు.

మూడో వారంలో ఈజిప్టు వచ్చింది. పిరమిడ్లు, నైలు వరదలు, బొమ్మల లిపి అయ్యాక రాజకుటుంబాల పెళ్ళిళ్ళు. పుస్తకంలో నాలుగు వరుసలే ఉన్నాయి. ఫరోలు సింహాసనం ఇల్లు దాటిపోకుండా చెల్లెళ్ళను, సవతి చెల్లెళ్ళను చేసుకునేవారని, వాళ్ళ దేవుళ్ళలో కూడా అన్నాచెల్లెళ్ళు దంపతులుగా ఉన్నారని, రాజు దేవుడి అంశ కాబట్టి అది తప్పు కాదనుకునేవారని. అంతే. నేను పుస్తకం మూసి, ఆమెతో మరో వాక్యం రాయించాను. "రక్తసంబంధీకుల మధ్య వివాహాల వల్ల ఫరోల వంశాలన్నీ తెలివిలేని, అవిటి సంతానంతో క్షీణించి అంతరించిపోయాయి." ఆ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడి రాజవంశాలు మారిపోవడానికి యుద్ధాలు, కరువులు, పూజారుల పెత్తనం, సవాలక్ష కారణాలు. అవన్నీ చదివి పరీక్ష రాసి పాసైనదాన్ని నేను. అయినా ఒక్కొక్క మాటా ఒత్తి పలుకుతూ రాయించాను. అవిటి అన్న మాట రెండుసార్లు చెప్పాను. లోపల మంచం మీద అత్తగారు వింటున్నారని తెలుసు.

మర్నాడు ఆమె వచ్చి, "అక్కా, నిన్న ఆఖర్న రాయించావే, అది పుస్తకంలో ఎక్కడా దొరకలేదు" అంది.

"పెద్ద పుస్తకాల్లో ఉంటుంది. రాసుకో."

ఆమె తలూపి పేజీ తిప్పింది. "మామూలు జనం కూడా చెల్లెళ్ళనే చేసుకునేవాళ్ళా?"

"లేదు, అది రాజుల సంగతి. కాకపోతే వాళ్ళ భాషలో భార్యని ముద్దుగా చెల్లీ అని పిలిచేవారు. ఆ పిలుపు చూసి అందరూ అలాగే చేసుకున్నారనుకోకూడదు." ఇది మాత్రం నిజమే చెప్పాను.

"మనకి దానికి ఎదురు కదక్కా" అంది ఆమె. "మనకి బావ అన్న పిలుపులోనే పెళ్ళుంది. నాకు అన్నయ్యా అనే వీలే లేకపోయింది. చిన్నప్పుడు ఒకసారి అలాగే పిలిచాను. పక్కింటి పిల్ల వాళ్ళ అన్నని పిలుస్తుంటే విని. అత్తయ్య మూతి మీద ఒక్కటిచ్చింది. అలా అనకూడదే, వాడు నీ మొగుడవుతాడు అంది. అప్పటికి ఆరేళ్ళో ఏడేళ్ళో నాకు." నవ్వుతూనే చెప్పింది. "అందుకే పెళ్ళి మాట వచ్చినప్పుడు నేను వద్దన్నాను. రెండ్రోజులు తలుపేసుకుని కూర్చున్నాను. మనసులో అన్నయ్యనే అనుకున్నవాణ్ణి ఎలా చేసుకోను?"

"నువ్వు వద్దన్నావా?"

"నేనే."

"అత్తయ్యగారు ఆయనే వద్దన్నారని చెప్పారు."

"మరి కోడలితో ఎలా చెబుతుందక్కా? మగపిల్లాణ్ణి ఆడపిల్ల కాదందంటే నామర్దా కదా. పోనీలే, నాకూ అదే మంచిదైంది."

ఆమె నా మనసు తేలిక చేద్దామనే చెప్పిందని ఇప్పుడు అనిపిస్తుంది. మా బావ మీద నాకు ఏమీ లేదు, నువ్వు హాయిగా ఉండు అని. కానీ నాకు వినబడింది అది కాదు. ఆమె వద్దంది అంటే ఆయన కావాలనుకున్నారు. రెండేళ్ళుగా నేను పట్టుకు వేలాడిన కొమ్మ ఆ అరుగు మీదే విరిగింది.

ఆ ఆదివారం ఆయన స్కూటర్ మీద పాలకొల్లు సంతకి వెళ్ళి వస్తూ లాకుల దగ్గర ఆగాం. నీటిమట్టం చూడాలన్నారు. గట్టు మీద నిలబడి అడిగాను.

"ఆ అమ్మాయితో పెళ్ళి వద్దన్నది మీరా, తనా?"

ఆయన నీళ్ళలోని కొలబద్ద మీదనుంచి చూపు తిప్పలేదు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం?"

"తనే వద్దంది."

"మీకు ఇష్టమేనా అప్పుడు?"

"ఇష్టమని కాదు. ఊహ తెలిసినప్పట్నించీ అంతే అనుకున్నాను, వేరే ఆలోచన రాలేదు. వద్దందని తెలిశాక నెల్లాళ్ళు అన్నం సయించలేదు." అప్పుడు నావైపు తిరిగి, "నీ దగ్గర దాచడమెందుకు? అయిపోయిన సంగతే కదా" అన్నారు.

నిజం చెప్పినందుకు నేను సంతోషిస్తానని ఆ మనిషి అనుకున్నారు. నెల్లాళ్ళు! నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఈయన పూటకి రెండుసార్లు వడ్డించుకుని తిన్నారని అత్తగారు మెచ్చుకుంటూ చెప్పేవారు. ఇంటికి వచ్చేదాకా స్కూటర్ మీద ఆయన భుజం పట్టుకోలేదు. వెనకున్న స్టెప్నీ చక్రం పట్టుకుని కూర్చున్నాను.

మర్నాటి నుంచి నాకు తలనొప్పి వచ్చింది. పరీక్షలకి ఇంక పది రోజులే ఉన్నాయి. గ్రీకులు, రోమన్లు, ఫ్రెంచి విప్లవం ఇంకా మొదలుపెట్టనే లేదు. ఆమె రోజూ అయిదింటికి పుస్తకంతో వచ్చేది. నేను కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకునేదాన్ని. "చదువు పోతే పోయింది, నువ్వు లేవకక్కా" అని తలగడ పక్కన కూర్చుని నుదుటికి మందు రాసేది. చల్లని వేళ్ళు. ఆ వేళ్ళు కందబచ్చలి కోసిన వేళ్ళని, ఈయన నోటికి తెలిసిన వేళ్ళని తప్ప నాకు ఇంకేమీ తోచేది కాదు.

అన్నీ పాసై చరిత్ర ఒక్కటి తప్పింది. ఆ కబురు విన్న మొదటి క్షణం నాకు సంతోషం కలిగింది. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం, ఇన్నేళ్ళకి ఇక్కడ రాస్తున్నాను. "నా బుర్రే అంత అక్కా" అని ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అత్తగారు, "పాపం కోడలికి ఒంట్లో బాగోకపోయె" అన్నారు. మా ఆయన మళ్ళీ పరీక్ష సెప్టెంబరులో ఉందని కనుక్కుని వచ్చారు. ఒక సాయంత్రం నేను కాలేజీనుంచి వచ్చేసరికి, అరుగు మీద చాప వేసుకుని ఆయనే ఆమెకు పాఠం చెబుతున్నారు. నా కుర్చీ ఖాళీగా ఉంది. ఇద్దరూ కిందే కూర్చున్నారు. మధ్యలో ఆమె నోట్సు.

ఆయనకు చరిత్ర ఒక్క ముక్క రాదు. పైకి చదువుతున్నారంతే. "రక్తసంబంధీకుల మధ్య వివాహాల వల్ల..." అని మొదలుపెట్టి, అవిటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. మెట్ల మీద నిలబడ్డ నన్ను చూశారు.

"ఇది నువ్వు రాయించావా?"

"అవును."

"పుస్తకంలో ఉందా?"

చేతిలో బ్యాగు బరువుగా ఉంది. "లేదు" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. అలా చూస్తూ ఉండిపోయారు, నేను ఎవరో తెలియనట్టు. ఆమె నోట్సు తన ఒళ్ళోకి లాక్కుని, "ఎక్కువ రాస్తే మార్కులు తగ్గిస్తారట బావా, నేను కొట్టేస్తాలే" అని ఆ వాక్యం మీద పెన్నుతో అడ్డంగా రెండు గీతలు గీసింది. ఆ వాక్యం ఎందుకు రాయించానో ఆమెకు మొదటి రోజే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. తెలిసే తలూపింది. తెలిసే నా నుదుటికి మందు రాసింది.

నేను బ్యాగు పక్కన పెట్టి చాప మీద కూర్చున్నాను. "మీరు లేవండి, మీకు రాదు" అన్నాను ఆయనతో. ఆయన లేచి లోపలికి వెళ్ళారు. ఆ రోజు గ్రీకుల దగ్గర మొదలుపెట్టి, సెప్టెంబరు దాకా ఒక్కరోజు మానకుండా చెప్పాను. ఆమెను క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె క్షమించేసి ఉండేది, అది నేను భరించలేకపోయేదాన్ని.

ఆమె పాసైంది. రెండేళ్ళ తరవాత కాకినాడ వైపు ఒక టీచరుతో, ఏ చుట్టరికమూ లేని సంబంధం, పెళ్ళి కుదిరింది. పందిట్లో మా ఆయన నిలబడ్డచోట నిలబడకుండా పని చేశారు. నేను మూడు రోజులూ తాళి కట్టేవాడిని చూడలేదు, ఈయన మొహమే చూశాను. అప్పగింతలప్పుడు ఆమె అత్తగారిని పట్టుకుని ఏడ్చింది. ఆయన దూరంగా, గాడిపొయ్యి దగ్గర, వంటవాళ్ళ మీద అనవసరంగా కేకలేస్తున్నారు. ఆ పూట భోజనం ఆయన సరిగ్గానే చేశారు. నేను పక్కనే కూర్చుని ప్రతి ముద్దా చూశాను.

తరవాత మాకు బాబు పుట్టాడు, ఆమెకు పాప. సెలవులకి వచ్చినప్పుడు పిల్లలిద్దరూ ఇల్లంతా పరిగెత్తేవాళ్ళు. ఒకసారి ఎవరో ముసలావిడ, "జంట బావుందే, ఇచ్చి పుచ్చుకోండి" అంది. అత్తగారు గయ్యిమన్నారు. "వరస తెలీదా నీకు? బావ పెళ్ళాం అక్క. అక్క కొడుకూ చెల్లెలి కూతురూ అన్నాచెల్లెళ్ళు. పిచ్చి వాగుడూ నువ్వూను."

నేను వంటింట్లో పెసరట్లకి పిండి రుబ్బుతున్నాను. గ్రైండరు ఆపి ఆ మాట పూర్తిగా విన్నాను. ఆ ఇంట్లో వరసలు నావైపు పలికింది అదే మొదటిసారి.

ఆ పాప మా వాణ్ణి అన్నయ్యా అని నోరారా పిలుస్తుంది. నన్ను పెద్దమ్మా అంటుంది. మా ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుతుంటే, పెదనాన్నా అంటూ పేపరు కింద నుంచి దూరి ఒళ్ళో ఎక్కి కూర్చుంటుంది. కళ్ళు అచ్చం తల్లివే. ఆయన పేపరు పక్కన పెట్టేస్తారు. మా వాడు ఎక్కితే పెట్టరు.