గుడ్ల గదిలో కరెంటు పోయిన ఆదివారం

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత నా గురించే పుట్టిందని మా ఆవిడ నమ్మకం. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లుగా ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాను. ఇస్నాపూర్‌లో మా గల్లీలో ఎవరి ఫ్యాన్ తిరగకపోయినా ముందు నన్నే పిలుస్తారు. అలాంటి నా ఇంట్లో, మొన్న ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక్క గదికి కరెంటు పోయింది. వంటింట్లో ఫ్రిజ్ నడుస్తోంది, ముందుగదిలో టీవీ మోగుతోంది. మధ్యగదిలో మాత్రం లైటు లేదు, ఫ్యాన్ లేదు.

వేరే గదైతే నింపాదిగా ఒక కునుకు తీసి చూసేవాణ్ని. కానీ ఆ గదిలో మా ఆవిడ పొదిగిస్తున్న నాటుకోడి గుడ్లున్నాయి. కోడితో పనిలేకుండా కరెంటుతో పొదిగే థర్మాకోల్ పెట్టె అది. లోపల బల్బు, చిన్న ఫ్యాను, వేడి ఎంతుందో చూపించే ఎర్ర అంకెలు. అంతకుముందు ఆమె గుమ్మడిదల వైపు ప్యాకింగ్ పనికి వెళ్లేది. నైట్ డ్యూటీలు, రోజూ తలనొప్పి. అది మానేసి, కోడిపిల్లల్ని పెంచి అమ్ముకుంటానని ఆ పెట్టె తెప్పించింది. మొదటిసారి పెట్టిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. కోడి చేసే పని నీకెందుకే అని నేను నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు.

"ఈసారి గూడ ఖరాబైతె ఇగ మల్ల ప్యాకింగ్‌కే పోత" అంది.

ఆ ఆదివారానికి గుడ్లు పెట్టి పంతొమ్మిదో రోజు. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు బయటికి రావాలి. ఈ రెండు రోజులూ వేడి తగ్గితే అన్ని రోజుల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

"రూమ్ల కరెంట్ పోయింది. పెట్టె సల్లవడుతది. వంటింట్ల నుంచి ఒక వైర్ లాగు జెర" అంది మా ఆవిడ.

లాగేస్తే అయిపోయేది. కానీ నాలోని ఫ్యాక్టరీ మనిషి లేచి కూర్చున్నాడు. మా ప్లాంటులో టెంపరరీ వైరు అంటే బూతుమాట కిందే లెక్క. తప్పెక్కడుందో తేలకుండా పక్కనుంచి వైరు లాగి పని నడిపించకూడదు. అలా లాగిన వైరు మీద కాలేసి, షాక్ కొట్టి ఒకతను నా కళ్లముందే పడిపోయాడు. ఆ కథంతా మా ఆవిడకు నిలబెట్టి చెప్పాను.

"ఫాల్ట్ ఏడుందో తెల్వకముందు టెంపరరీ ఇయ్యొద్దు. రూల్ అంటె రూలే. పది నిమిషాలల్ల జేస్త" అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. "సరే" అంది. అంతే.

మెయిన్ బోర్డు వరండాలో మీటరు పక్కన ఉంటుంది. గదికొక ఎంసీబీ ఉంది, ఎక్కడైనా షార్ట్ అయితే తనంతట తానే పడిపోయే స్విచ్చు. మధ్యగదిది కిందికి పడివుంది. ఎత్తాను. టక్కుమని పడింది. గదిలోకి వెళ్లి ప్లగ్గులన్నీ పీకాను, పెట్టెది కూడా. స్విచ్చులన్నీ ఆపేసి, వరండాలోకి వచ్చి మళ్లీ ఎత్తాను. మళ్లీ పడింది. అంటే తప్పు సామాన్లలో లేదు, గోడ లోపలి వైర్లలోనే ఉంది. అది నాకు అప్పుడే తెలుసు. అక్కడితో నన్ను వదిలేస్తే పది నిమిషాల మాట దక్కేదే.

ఈలోగా ఎదురింటి అన్న వచ్చాడు. ఆయన జీవితమంతా బాయిలర్ నడిపి రిటైరైన మనిషి. మా పైన కిరాయికుండే ఒడిశా ఫిట్టర్ కూడా చేతిలో టెస్టర్‌తో మెట్లు దిగాడు. ఆదివారం పూట ఫ్యాక్టరీవాళ్లకు ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది?

"ఎంసీబీనే ఖరాబైంది తమ్మీ. మార్సి సూడు" అన్నాడు అన్న.

"నహీ భయ్యా, న్యూట్రల్ లూజ్ ఉంది" అన్నాడు ఫిట్టర్.

"న్యూట్రల్ లూజైతె స్విచ్ ఎందుకు పడ్తది?" అన్నాను.

"పడ్తది. మా ప్లాంట్ల పడ్డది."

పదిమంది చేరినచోట పాము చావదంటారు. మా పాముకు ముగ్గురమే సరిపోయాం. వంటింటి ఎంసీబీ విప్పి మధ్యగదికి బిగించి చూశాం. అదీ పడింది. అయినా అన్న ఒప్పుకోలేదు. "అది గూడ పాతదేనాయె" అన్నాడు. ఫిట్టర్ వాళ్ల ప్లాంటులో న్యూట్రల్ ఎలా లూజైందో మొదటినుంచి చెప్పుకొచ్చాడు. నేను మా ప్లాంటు సంగతి చెప్పాను. మధ్యలో పక్కింటి ఖాలా గోడ మీదుగా మూడు గ్లాసుల చాయ్ అందించింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఆమె మా గల్లీకే పెద్దదిక్కు.

"తాగుండ్రి బేటా, ఆరాంగ జేస్కోండ్రి" అంది. ఆరాంగానే చేసుకున్నాం. పది నిమిషాలన్నది గంటన్నర దాటింది.

చివరికి నాకే విసుగొచ్చి, ఇద్దర్నీ పక్కకు జరగమని, మధ్యగదిలోకి వెళ్లి స్విచ్ బోర్డు విప్పాను. వైర్లు విడదీసి ఒక్కొక్కటే చూశాను. తప్పు బోర్డుకు పైన, గోడలో దిగే పైపులో ఉంది. తల ఎత్తాను. బోర్డుకు సరిగ్గా మూరెడు పైన అద్దం పటం వేలాడుతోంది. సేఫ్టీ వారోత్సవాల్లో నాకిచ్చిన సర్టిఫికెట్ అది. ఆ పొద్దున్నే నా చేత్తో నేనే మేకు కొట్టి తగిలించాను.

బోర్డుకు నిట్టనిలువుగా పైన మేకు కొట్టకూడదు, వైర్లు దిగేది అక్కడే. ఈ పనిలో మొదటి వారంలో నేర్పే పాఠం ఇదే. నేను ఎంతమందికో నేర్పాను. ఫ్యాన్ గాలికి పటం ఊగి ఊగి, మేకు వైర్ల తోలు చీల్చి రెండింటినీ కలిపేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. పటం దించి బోర్లా పెట్టాను గానీ ఎదురింటి అన్న అప్పటికే చదివేశాడు.

"సేఫ్టీల ఫస్ట్ ప్రైజా తమ్మీ?"

"సెకండ్" అన్నాను.

మేకు పీకి, పాత వైరు కొసకు కొత్త వైరు కట్టి పైపులోంచి లాగాం. ఈ పనిలో ఫిట్టర్ నిజంగానే సాయం చేశాడు. ఎంసీబీ ఎత్తితే నిలబడింది. ఫ్యాన్ తిరిగింది. గర్వంగా మా ఆవిడను కేకేసి, పెట్టె ప్లగ్గు నేనే పెడదామని మూలకు తిరిగితే అక్కడ పెట్టె లేదు. స్టూలు మాత్రం ఉంది. అరగంటగా ఆ గదిలోనే నిలబడి, బోర్డు తప్ప ఇంకేమీ చూడలేదన్నమాట. మిగతా ఇద్దర్నీ అడిగాను. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

వెనక తలుపు తీసివుంది. దానికి ఎదురుగానే ఖాలా వంటిల్లు, అందులోకి తొంగిచూశాను. బియ్యం డబ్బా మీద పెట్టె, దానికి అటొకరు ఇటొకరుగా ఖాలా, మా ఆవిడ. ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. నేను ప్లగ్గులు పీకి వరండాలోకి వెళ్లగానే, ఇద్దరూ దుప్పటి కప్పి మెల్లగా మోసుకొచ్చేశారట. మా ఇంట్లోనే వేరే గదిలో పెడితే దాని కరెంటూ నేను పీకేస్తానని మా ఆవిడ భయమట. మేము న్యూట్రల్ గురించి కొట్టుకుంటున్నంతసేపూ గుడ్లు ఇక్కడ వెచ్చగా ఉన్నాయి.

"కరెంట్ వచ్చింది. ఇగ తీస్కపోదామా?" అన్నాను.

"వద్దు బేటా. మల్ల మల్ల కదిలిస్తె పిల్లలు పరేషాన్ అయితయి. ఈడ్నే ఉండనీ" అంది ఖాలా.

మంగళవారం డ్యూటీ దిగి వచ్చేసరికి ఖాలా ఇంట్లోంచి కిచకిచలు వినబడ్డాయి. చెప్పులు విడిచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కొన్ని గుడ్లు ఇంకా కదలలేదు గానీ చాలావరకు పిల్లలయ్యాయి. మా ఆవిడ కింద కూర్చుని, తడి ఆరని ఒక పిల్లను పాత గుడ్డలో పట్టుకుని ఉంది. ఇక ప్యాకింగ్ మాట ఎత్తనక్కర్లేదు. నాకు చాలా సంతోషమైంది. కానీ నా నోరు ఊరికే ఉండేది కాదు కదా.

"పెట్టె ఈడికి తెస్తున్నవని నాకొక్క మాట చెప్పకపోతివి" అన్నాను.

"చెప్పిన గదా, వైర్ లాగుమని."

"ఇంకోపారి అడుగుతె లాగుతుంటి."

"ఇంకోపారి అడుగుతె ఇంకో పాఠం చెప్తుంటివి" అంది. కోపంగా అనలేదు. పిల్ల మీదనుంచి కళ్లు కూడా తీయలేదు.

ఖాలా నవ్వింది. నేనూ నవ్వబోయాను. మా పెళ్లై పదకొండేళ్లు. నేను ఒకసారి కాదన్నదాన్ని ఆమె రెండోసారి అడిగిన సందర్భం ఏదైనా ఉందా అని వెతికాను. ఆ గుమ్మంలో నిలబడి ఎంతసేపు వెతికినా ఒక్కటీ దొరకలేదు.