డైవరు టోపీలో తోలు బిళ్ళ

నీళ్ళలోకి దిగే మనిషి ప్రాణం నా చేతిలో పెట్టేనాటికి నాకు ఈత కూడా రాదు. మాది పత్తికొండ పక్కన ఒక మెట్ట పల్లె. ఎండాకాలంలో మా బావిలో కడవ మునిగేంత నీళ్ళుంటే అదే గొప్ప. అట్లాంటి ఊరి నుంచి వచ్చి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, అక్కడ కాలువల వర్కుషాపులో ఫిట్టరుగా కుదిరాను. ఇంజన్లు, పంపులు విప్పి బిగించడం నా పని. సరిగా కుదరకపోతే మళ్ళీ విప్పేవాణ్ణి. దానివల్ల ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

ఒక ఏడు మే నెలలో ఆనకట్ట తూము తలుపొకటి నీళ్ళ అడుగున ఇరుక్కుపోయింది. నది సన్నబడినా గోడ వెనక మడుగులో మూడు నిలువుల లోతు ఉండేది. వానలు పడేలోగా ఆ తలుపు కదలాలి. అందుకోసం కాకినాడ వైపు నుంచి, నీళ్ళ అడుగుకు మునిగి పనిచేసే డైవరు నొకణ్ణి పిలిపించారు. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. తాడు పట్టడానికి తన బావమరిదిని వెంట తెచ్చుకున్నాడు. కావలసిన సామాను మా స్టోరులోనే ఏళ్ళ తరబడి పడి ఉంది. తలంతా మూసే, ముందు అద్దమున్న రాగి టోపీ, రబ్బరు పూసిన సూటు, పొడుగాటి గాలి గొట్టం, చేత్తో తిప్పే గాలి పంపు. మద్రాసుకు పంపితే నెల పడుతుందని, "నువ్వే సర్వీసు చెయ్యి" అని ఇంజనీరుగారు నాకు అప్పగించారు.

డైవరు నా బల్ల దగ్గరికి వచ్చి, టోపీ వెనక గొట్టం తగిలించే చోట నుంచి ఇత్తడి వాల్వొకటి విప్పి చూపించాడు. లోపల చిన్న స్ప్రింగు, రూపాయి బిళ్ళంత తోలు బిళ్ళ.

"దీంట్లోంచి గాలి లోపలికి రావాలేగానీ బయటికి పోకూడదండి," అన్నాడు. "పైన గొట్టం ఊడిందనుకోండి. ఇది మూసుకుంటే టోపీలో ఉన్న గాలితో నాలుగు నిమిషాలు బతుకుతాను. మూసుకోలేదో, ఆ గాలంతా గొట్టంలోకి లాగేత్తది. నీళ్ళ బరువు నన్ను ఈ టోపీలోకి నొక్కేత్తది. ఒకణ్ణి అలా చూశానండి."

ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

రెండు రోజులు పని చేశాను. పంపు లోపలి తోళ్ళు కర్నూలు ఎండకు అట్టల్లా బిగుసుకుపోయి ఉంటే, ఇంజన్లకు వేసే ఆయిలు పట్టించి మెత్తబరిచాను. వాల్వు కడిగి, తోలు బిళ్ళ తడిపి బిగించి, నోట్లో పెట్టుకుని గాలి పీల్చి చూశాను. నాలుక అతుక్కుపోయింది. పిసరంత గాలి రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు పొద్దున అతను దిగాడు. నలుగురు కూలీలు పంపు చక్రం తిప్పుతున్నారు. నేను పక్కన కూర్చుని నీళ్ళ మీద లేచే బుడగల వైపే చూస్తున్నాను. కాస్త ఆలస్యమైతే చాలు, లేచి నిలబడేవాణ్ణి. అరగంట కాకముందే తాడు కదిలింది. పైకి లాగి టోపీ విప్పగానే అతను పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

"గాలంతా ఆయిలు కంపండి," అన్నాడు, నా వైపు చూడకుండానే.

అతను చెట్టు నీడన పడుకున్నాడు. నేను టోపీ తీసుకుని దూరంగా పోయి వాల్వు విప్పాను. తోలు బిళ్ళ అంచులు ఎండుటాకులా పైకి లేచి ఉన్నాయి. నోట పెట్టి పీల్చాను. గాలి ఈల వేసుకుంటూ వచ్చింది. అప్పుడర్థమైంది. నేను పరీక్ష చేసిన రోజు గాలిని ఆపింది బిళ్ళ కాదు, దాని తడి. పంపులోంచి వచ్చే వేడిగాలి పది నిమిషాలు తగిలేసరికి ఆరిపోయింది. అంటే అంతసేపూ అతను అడుగున వాల్వు లేకుండానే ఉన్నాడు. గొట్టం ఊడి ఉంటే?

నా చేతుల్లోంచి స్ప్రింగు జారిపోయింది. మట్టిలో దాన్ని వెతుక్కుంటూ, చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెబితే ఉద్యోగం పోతుంది. కొత్తగా పెళ్ళయినవాణ్ణి. చివరికి చెట్టు కిందికి పోయి ఆ బిళ్ళ అతని అరచేతిలో పెట్టి, జరిగింది చెప్పాను.

అతను దాన్ని తిప్పితిప్పి చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు. ఇంజనీరుగారికి చెప్పొస్తా."

"వద్దండి. చెబితే మిమ్మల్ని తీసేత్తారు. ఇంకోడొత్తాడు. ఆడు నాకు చెప్పడు కదండీ."

బజారులో ఆ తోలు ఎవరిని అడిగినా తెలియదన్నారు. ఊరి చివర, బావుల మీద ఎద్దులతో నీళ్ళు తోడే కపిలలకు తోలు సంచులు కుట్టే ముసలాయన ఉన్నాడని ఒక కూలీ చెబితే పోయాను. ఆయన బిళ్ళను రెండు వేళ్ళ మధ్య వంచి విరిచేశాడు.

"తడిపి సూసినావా?" అన్నాడు.

"అవును తాతా."

"తడిపితే యా తోలైనా మూసుకుంటాదప్పా. ఎండలో పెట్టి సూడల్ల. ఈడ ఎండ శానా చెడ్డది. మేకతోలు ఇస్తా, ఆముదం తాపు. మూడు దినాలు రేకుల మీద ఎండనీ. అప్పటికీ మెత్తంగుంటే అది తోలు."

ఆయన కోసిచ్చిన ఆరు బిళ్ళలు వర్కుషాపు రేకుల మీద ఎండబెట్టాను. మూడు రోజులకు రెండు ముడుచుకున్నాయి. నాలుగు నిలిచాయి. నోటితో కాకుండా, పొడిగా సైకిలు పంపు పెట్టి పరీక్ష చేశాను. పంపు తోళ్ళు కడిగి వాటికీ ఆముదమే పట్టించాను. డైవరు గొట్టం చివర ముక్కు పెట్టి వాసన చూసి, "ఇది పరవాలేదండి," అన్నాడు.

అతను మళ్ళీ దిగడం మొదలుపెట్టిన రెండో రోజు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పంపు దగ్గర ఉన్నట్టుండి బుస్సుమంది. జాయింటుకు జానెడు దూరంలో గొట్టం నిలువునా చీలింది. ఆ రబ్బరు పుచ్చిపోయిందని నాకు తెలియదు. వారం రోజులూ వాల్వునే పట్టుకుని కూర్చున్నాను, గొట్టాన్ని వేలితో నొక్కి కూడా చూడలేదు.

బుడగలు ఆగిపోయాయి.

"లాగండిరా!" అని బావమరిది అరిచాడు. నేనూ తాడు పట్టుకున్నాను. ఆ సూటు, సీసపు బరువులు, మనిషి, అన్నీ కలిసి కొండను లాగుతున్నట్టుంది. అరచేతులు ఒలిచిపోయాయి. టోపీలోకి నొక్కుకుపోయిన మనిషి కళ్ళముందు కనబడుతున్నాడు. రాగి టోపీ నీళ్ళ పైకి తేలగానే దాని ముందున్న అద్దం విప్పబోయాను. ఒలిచిన చేతుల్లో మర తిరగలేదు. బావమరిది నన్ను పక్కకు నెట్టి విప్పాడు.

లోపల అతని ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. నోరు తెరిచి పెద్దగా గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తర్వాత నా కోసం చూశాడు.

"బిళ్ళ పట్టిందండి," అన్నాడు.

నా నిక్కరు తడిసిపోయింది. నది నీళ్ళని అందరూ అనుకున్నారు.

కొత్త గొట్టం వచ్చాక అతను ఆ తలుపు కింద ఇరుక్కున్న దుంగను కోసి తీశాడు. తలుపు లేచింది. నాకు మంచి పేరు వచ్చింది. ఆ పేరే నా పాలిట చావైంది. మరి రెండు ఎండాకాలాలు ఆ టోపీ సామాను పెట్టె నా బల్ల మీదికే వచ్చింది. అది వచ్చిన రోజు నుంచి అతను పైకి తేలే రోజు వరకు నాకు ముద్ద దిగేది కాదు. మూడో ఏడు, కడపలో అక్క ఇంట ఉన్న అమ్మకు ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి కడపకు బదిలీ చేయించుకున్నాను.

అక్కడ లారీల పని. నీళ్ళు లేవు, టోపీ లేదు. పది రోజులు హాయిగా నిద్రపోయాను. పదకొండో రోజు బద్వేలు దారిలో తిరిగే డ్రైవరొకాయన లారీ ఎక్కి కిటికీలోంచి తల బయట పెట్టి నవ్వాడు.

"ఏమప్పా, బ్రేకు బాగుండాది కదా? ఘాట్ దిగాల నేను."

బాగుందని నోటి చివరి దాకా వచ్చింది. "దిగన్నా, ఇంకోసారి సూస్తా," అని చక్రం విప్పడానికి కూర్చున్నాను. ఆయన విసుక్కున్నాడు. పొద్దు వాలేదాకా నేను ఆ లారీని విడిచిపెట్టలేదు.