గడువుకు అరవై రోజుల ముందు

మొన్న గురువారం పొద్దున జనగామ నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అబ్బాజాన్ పోయిండు" అని చాచా బిడ్డ ఒక్క మాట చెప్పి ఏడ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇక నన్ను అడిగేవాళ్లెవరు అనిపించింది.

చాచా నాకు చుట్టం కాదు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న కాలంలో భూపాలపల్లిలో పవర్ ప్లాంటు పని చేస్తున్న ఒక కాంట్రాక్టరు దగ్గర ఆయన పెద్ద గుమాస్తా, నేను టైపిస్టుని. నాది వరంగల్ జిల్లా గూడూరు. ఆయన పుట్టింది మహబూబాబాద్, మేమంతా మానుకోట అంటాం. ఇల్లు కట్టుకున్నది జనగామలో. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన చాచానే.

బాయిలర్ బిగించడానికి మా కంపెనీ చైనా నుంచి ఇంజినీర్లను పిలిపించేది. పిలిపించడమంటే విమానం టికెట్ తీయడం కాదని నాకు అక్కడే తెలిసింది. వీసా ఏ పనికి ఇచ్చారో ఆ పనే చేయాలి. వచ్చిన రెండు వారాల్లో వరంగల్ పోలీసు ఆఫీసులో పేరు రాయించాలి. ఉండే ఇల్లు మారితే చెప్పాలి. గడువు తీరకముందే ఆ మనిషే స్వయంగా వెళ్లి పొడిగింపుకు దరఖాస్తు పెట్టాలి. ఇదంతా చాచా నెత్తిన ఉండేది.

ఆయన పద్ధతి ఆయనది. ఒక్కొక్కరి గడువు తేదీ నుంచి అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టి, గోడ మీది కేలండర్‌లో ఆ రోజు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసేవాడు. అసలు గడువు తేదీని మాత్రం ముట్టుకునేవాడు కాదు. "గది సూస్తె ఇంక టైమున్నదనిపిస్తది బిడ్డా. గందుకే నేను దాని మొఖమే సూడ" అనేవాడు. గీత ఉన్న రోజు పొద్దున పదింటికి నా బల్ల దగ్గరికొచ్చి ఒకటే మాట: "బిడ్డా, కాగితం పోయిందా?" దరఖాస్తు పడిందా అని.

చాయ్ తాగుతూ కూడా జేబులోని పాస్‌పోర్టు జిరాక్సులు తడుముకునేవాడు. "మీకు తారీఖుల బీమారి పట్టింది చాచా" అని ఏడిపించేదాన్ని. "నవ్వు నవ్వు. నీగ్గూడ అంటుకుంటది" అనేవాడు. మధ్యాహ్నం గేటు ముందు మేమంతా నినాదాలిచ్చేవాళ్లం. పనివాళ్లు ముచ్చటపడి ఒక చైనా ఇంజినీరుకు 'జై తెలంగాణ' నేర్పిస్తే చాచా వాళ్ల మీద పడ్డాడు. "వీసా ఇచ్చింది బాయిలర్‌కు, ఉద్యమానికి గాదు!"

ఆ ఇంజినీరు విషయంలోనే నేను తప్పు చేశాను. చాచాకు కామెర్లయి రెండు నెలల పైనే జనగామలో మంచం పట్టాడు. పోతూ పోతూ కేలండర్ చూపించి మరీ వెళ్లాడు. గీత ఉన్న రోజు వస్తే, ఇంకా టైముంది కదా అని వాయిదా వేశాను. అంతలో తెలంగాణ కోసం అందరూ సమ్మెలోకి దిగారు. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ. ఫీజులకూ పరీక్షలకూ తేదీలు జరుగుతూ పోతున్నాయి. సమ్మె రోజులు ఎక్కడా లెక్కలోకి రావని నేను గట్టిగా నమ్మాను. ఫైలు సొరుగులో పెట్టి నిశ్చింతగా ఉన్నాను.

చాచా తిరిగొచ్చిన రోజు కళ్లింకా పచ్చగానే ఉన్నాయి. కూర్చోకుండానే కేలండర్ చూసి, "బిడ్డా, కాగితం పోయిందా?" అన్నాడు.

"సమ్మె గద చాచా, అన్నిటికి పెంచుతున్నరు. దీనిగ్గూడ పెంచుతరు."

ఆయన గోడ పట్టుకున్నాడు. "సమ్మె మనది బిడ్డా. పోలీసోళ్లు సమ్మెల లేరు. రేపు దాటితె గా పిల్లగాడు దొంగ లెక్క."

సొరుగు లాగి ఫైలు బయటికి తీశాను. దరఖాస్తు పడకపోతే అతను నా మూలంగా కేసులో ఇరుక్కుంటాడు.

మర్నాడు డ్రైవరు రాలేదు. వరంగల్ పోవడానికి చాచానే జీపు తీశాడు. ఫైలు నా ఒళ్లో, ఇంజినీరు వెనక సీట్లో. పరకాల రోడ్డు మూసేశారని ములుగు వైపు తిప్పితే, ఘనపూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉద్యమం వాళ్ల వంటావార్పు. పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు, చుట్టూ జనం. జీపు ఆపేశారు.

"గీ చైనాయనతోని జై తెలంగాణ అనిపియ్యుండ్రి, ఇడుస్తం" అన్నాడొకడు.

ఇంజినీరుకు ఆ మాట తెలుసు కదా, నవ్వుతూ నోరు తెరిచాడు. చాచా చప్పున ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. జనం గరమయ్యారు. "ఏంది, జై తెలంగాణంటె నోరు మూస్తవా?" అంటూ జీపును చుట్టుముట్టారు. నేను ఫైలు గట్టిగా కరచుకుని కూర్చున్నాను.

చాచా కిందికి దిగాడు. "నేను దుబాయిల మేస్త్రి పని చేసిన. మా సేటు ఒక్క తారీఖు మరిచిండు. పదకొండు నెలలు దాసుకొని బతికిన. మానుకోటల మా అమ్మ సచ్చిపోతె మట్టెయ్యనీకి రాలే. ఈయన నినాదమిచ్చిండని ఎవరన్న ఫొటో తీస్తె, ఈయన బతుకు గూడ గట్లనే ఐతది. ఈయన బదులు నేనంట. ఎన్నిసార్లు అనమంటరు?"

అని, ఆ నీరసంలోనే దగ్గొచ్చేదాకా జై తెలంగాణ అని అరిచాడు. ఇన్నేళ్లలో దుబాయి సంగతి మాకెవరికీ చెప్పలేదు. గంజు దగ్గరి అవ్వ గరిటె పక్కన పెట్టింది. "పోనియ్యుండ్రి బిడ్డ. జర తినైతె పోతరు. తింటె తప్పు గాదు గద?"

చాచా నిజంగానే ఆలోచించాడు. "తినుడు తప్పు గాదవ్వా" అన్నాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ముగ్గురం నిలబడే రెండు ముద్దలు మింగి బయల్దేరాం.

ఆఫీసు మూసే వేళకు పది నిమిషాల ముందు రసీదు మీద ముద్ర పడింది. తిరిగొచ్చేటప్పుడు చాచా జేబులోంచి పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "రేపటిసంది నువ్వే గియ్యి."

తర్వాత రాష్ట్రమొచ్చింది, ప్లాంటు పని ముగిసింది. నేనిప్పుడు హైదరాబాదులో ఇంకో కంపెనీలో చాచా చేసిన పనే చేస్తున్నాను. తారీఖుల బీమారి నాకూ అంటుకుంది. విదేశాల నుంచి ఎవరు కొత్తగా వచ్చినా వాళ్ల గడువు తేదీ చాచాకు ఫోన్లో చెప్పేదాన్ని. గీత ఉన్న రోజు పొద్దున పదింటికి జనగామ నుంచి ఫోన్ వచ్చేది. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. నా ఉద్యోగం నిలబడింది ఆ ఫోన్ల వల్లేనని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మట్టి అయ్యాక ఆయన గదిలో కాసేపు కూర్చున్నాను. గోడ మీద కేలండర్ ఉంది. ఈ నెలలో గీతల్లేవు. పై కాగితం ఎత్తితే, వచ్చే నెల పందొమ్మిది చుట్టూ పెన్సిల్ గీత. మా కంపెనీకి కొత్తగా వచ్చిన కొరియా ఫిట్టరుది. పక్కన ఉర్దూలో ఏదో రాసి ఉంటే చాచా బిడ్డ చదివి చెప్పింది: "హైదరాబాద్ బిడ్డకు ఫోన్, పదింటికి."

ఇంకో రెండు కాగితాలు ఎత్తాను. గడువు తేదీ అక్కడుంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.