నాచారం రెయిలింగు మీద నేను

పోయిన మంగళవారం సాయంత్రం ఆరింటికి, నాచారం మెయిన్ రోడ్డు మీద, అంతమంది చూస్తుండగా నేను ఒక ఇనప రెయిలింగు మీద ఇరుక్కుపోయాను. అటు దిగలేను, ఇటు దిగలేను. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు నవ్వనివాళ్ళు ఒకళ్ళిద్దరే. కానీ నాకొచ్చిన కోపం మాత్రం ఇంకా దిగలేదు.

ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఆ రెయిలింగు డిజైన్ చేసింది నేనే. నేను ఇంజనీర్ని, అక్కడి ఫుట్‌పాత్ పని మా కంపెనీకే వచ్చింది. బస్సు దిగినవాళ్ళు ఫుట్‌పాత్ ఎక్కడానికి బస్టాపు దగ్గర డ్రాయింగులో ఒక గ్యాపు పెట్టాను. పని మొదలయ్యాక చూస్తే సరిగ్గా అక్కడే జామకాయల బండ్లు, పల్లీల బండ్లు. ఎన్నిసార్లు తీయించినా మర్నాటికి మళ్ళీ అక్కడే. ఒళ్ళు మండిపోయింది. ఫుట్‌పాత్ నడవడానికా, బేరాలకా? గ్యాపు మూసెయ్యమన్నాను.

జామకాయలమ్మే యాదమ్మ నా దగ్గరికొచ్చింది. "సారూ, బండి నేను ఎనకకు జరుపుకుంట. జర గంత తొవ్వ ఇడువున్రి. బస్సు దిగినోళ్ళు యాడికెళ్ళి రావాలె?"

"నీ బండి కోసం అడుగుతున్నావని నాకు తెలీదా? ఆ చివర ఇంకో గ్యాపుంది. అక్కడిదాకా నడుస్తారు."

"రోడ్డు మీదనా నడిచేది?" అంది.

నేను జీపెక్కేశాను. సైటుకి ఎప్పుడు వెళ్ళినా జీపులోనే, అదీ రోడ్డు ఖాళీగా ఉండే పదకొండింటికే.

ఆ మంగళవారం నా స్కూటరు మెకానిక్ దగ్గరుంది. ఇంటికి వెళ్ళడానికి, ఉప్పల్‌లో మెట్రో పనికి తవ్విన గుంటలన్నీ దాటుకుని బస్సెక్కాను. నాచారంలో దిగానో లేదో, వెనక ఇంకో బస్సు, రెండు బస్సుల సందులోంచి ఆటోలు. ముందు రెయిలింగు, వెనక బస్సు, మధ్యలో మూడడుగుల జాగా. అందులో పదిహేనుమందిమి. నాతో దిగిన ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పుల మనిషి, చేతిలో మందుల కవరు. ఆ సందులోంచి దూరిన ఆటో అద్దం ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది.

"ఏ గాడ్ది కొడుకు బెట్టిండో దీన్ని" అన్నాడాయన.

నాకూ అంతే మండుతోంది. "బుద్ధి లేనివాడండీ. ఒక్కరోజు బస్సెక్కి ఉంటే తెలిసేది" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ నిమిషంలో అది నా నిర్వాకమని గుర్తే లేదు.

రెయిలింగు అవతల నుంచి యాదమ్మ చల్లగా చెప్పింది. "బెట్టింది గీ సారే తాతా. నీ పక్కనే ఉన్నడు."

పదిహేనుమందీ నావైపు తిరిగారు. పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

అక్కణ్ణుంచి పారిపోదామని రెయిలింగెక్కాను. ఒక కాలు అటు వేశాను, రెండోది రాదే. జనం ఎక్కి కూర్చుంటారని పైన మొనలు పెట్టించాను లెండి. అవి ప్యాంటులో దిగాయి. లాగితే పర్రుమంది. బస్సులో జనం సీట్లలోంచి లేచి మరీ చూస్తున్నారు. కండక్టరు రైట్ చెప్పడం కూడా మానేశాడు.

యాదమ్మ తను కూర్చునే స్టూలు తెచ్చి నా కాలికింద పెట్టింది. "కదలకున్రి సారూ, ఉన్నది గూడ పోతది" అంటూ మొన నుంచి గుడ్డ విడదీసింది. దిగాక, జామకాయల మీద కప్పే తువ్వాల నడుముకి చుట్టుకోమని ఇచ్చింది.

పెద్దాయన ఎక్కలేడు కదా. బస్సుల పక్కనుంచి, రోడ్డు మీదే, ఆ చివరి గ్యాపు దాకా నడిచాడు. నేను ఇవతల ఫుట్‌పాత్ మీద, తువ్వాల జారకుండా పట్టుకుని, ఆయనతోపాటే నడిచాను. ప్రతి హారన్‌కీ ఆగి ఆయనవైపు చూశాను. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎలాగో ఇవతలికి వచ్చాక, "ఇగ పో బిడ్డా, ఇంటికి పో" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూనే మా బాసు మీద అరిచాను, బస్టాపు గ్యాపు తెరవాల్సిందేనని.

"మూయించింది నువ్వే కదయ్యా?"

"అందుకే చెప్తున్నాను."

కారణం రాసిమ్మన్నాడు. 'స్వయంగా పరిశీలించితిని' అని రాసిచ్చాను.

రెండ్రోజుల్లో కట్టర్ తెచ్చి కోశారు, మొనలతో సహా. పక్కన బండ్లకి ఎంత చోటు కావాలని యాదమ్మని అడిగాను. "గిప్పుడు అడుగుతున్నరా?" అంది. అని, తనే అడుగులేసి చూపించింది.

ఇంట్లో మాత్రం ఇదంతా చెప్పలేదు. ప్యాంటు కూడా తిన్నగా టైలరుకిచ్చేశాను. నిన్న సాయంత్రం మా ఆవిడ షేర్ ఆటో దిగి వస్తూనే అడిగింది.

"ఏవండీ, ఆటోలో ఒకావిడ 'ప్యాంటు గ్యాపు కాడ ఆపు' అంది. అతను తెచ్చి మన బస్టాపు దగ్గర ఆపాడు. అదేం పేరండీ?"

"ఈ జనానికి పనీపాటా లేదు" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.