మధ్య సీటు గుండీ

బావ చివరిగా చేసిన పని సోఫాకి గుండీ కుట్టడం. అక్క పెట్టిన టీ పక్కన చల్లారిపోతోంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, వీపు ఆనే చోటు ఎడమచేత్తో తడుముతూ, పొడవాటి సూదిని కుడిచేత్తో దింపి అవతలి నుంచి లాగాడు. ముడి వేసి, దారం పళ్లతో తెంపాడు.

"నీ వీపు దెబ్బకే ఊడింది ఇది. కాస్త ఒళ్లు తగ్గించరా," అన్నాడు నాతో.

"అసలు ఆ గుండీ ఎందుకు బావా? మిగతావన్నీ వరసలో ఉన్నాయి. ఇదొక్కటే సంతలో తప్పిపోయిన పిల్లాడిలా మధ్యలో నిలబడింది."

"నిలబడనీ. దాని పని దానికుంది."

టీ చల్లారిందని అక్కని ఒక మాట అని, ఆమె చేత నాలుగు మాటలు పడి, లోపలికెళ్లి పడుకున్నాడు. సాయంత్రం లేపబోతే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందనీ, నొప్పి తెలిసి ఉండదనీ డాక్టరు చెప్పాడు. ఆ రెండో మాటే మమ్మల్ని నిలబెట్టింది. ఇప్పటికీ నిలబెడుతోంది.

బావ సోఫాలు కుట్టేవాడు. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. స్పాంజి ముక్కలు, గుడ్డ చుట్టలు, మేకుల డబ్బాలు, మూలన ఎవరిదో తోలు ఊడిన కుర్చీ. నలభై దాటాక ఆయన చూపు పక్కల నుంచి తరుగుతూ వచ్చింది. మొదట గొట్టంలోంచి చూసినట్టు, తర్వాత తాళం కన్నంలోంచి చూసినట్టు, చివరికి వెలుగుకీ చీకటికీ తేడా మాత్రమే. పని మానలేదు. "సోఫా చూసుకునేదా, కూర్చునేదా?" అనేవాడు.

దుకాణం కట్టేశాక ఆయనా మా మేనకోడలూ టీవీకి తగిలించిన గేమ్ కన్సోల్ ముందు కూర్చునేవాళ్లు. దానికి పాలపళ్లు ఊడే వయసు నుంచీ ఉన్న అలవాటు. పాడుబడిన కోటలో ఇద్దరూ కత్తులు పట్టుకుని తిరగాలి, శత్రువు ఎటునుంచైనా రావచ్చు. చూపు పోయాక బావ చెవులతో ఆడాడు. టీవీ దగ్గర మూడు స్పీకర్లు, సోఫా వెనక రెండు, వాటికి శబ్దం పంచే ఆంప్లిఫయర్ ఒకటి. వెనక ఎడమవైపు అడుగుల చప్పుడైతే చేతిలోని కంట్రోలర్ మీద ఆయన బొటనవేలు అటు తిరిగేది. "నాన్నా, వెనక!" అని పిల్ల అరిచేలోపే శత్రువు నేలమీద ఉండేవాడు. ఎవరి సాయమూ అక్కర్లేకుండా ఆయన తిరిగే చోటు ఇక అదొక్కటే మిగిలింది.

అది కూడా పోబోయింది. పాత కన్సోల్ పాడైతే, అప్పుడే ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరిన మేనకోడలు కొత్తది కొనుక్కొచ్చింది. బొమ్మ అదిరింది. వెనక స్పీకర్లు రెండూ మూగబోయాయి. బావ ఆ సాయంత్రమంతా వెనకనుంచి పొడిపించుకుంటూనే ఉన్నాడు. కొన్నాళ్లు చూసి, కంట్రోలర్‌ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశాడు.

"చేతులు లాగుతున్నాయట," అంది అక్క ఫోన్లో. "రోజంతా సూది పట్టుకుంటే లాగని చేతులు దాన్ని పట్టుకుంటే లాగుతాయట. పిల్లేమో తను తెచ్చినదానివల్లే ఇలా అయిందని ఏడుస్తోంది. ఒకసారి వచ్చి చూడరా."

నేను కథలు రాసుకునేవాణ్ని. వైర్ల సంగతి నాకేం తెలుసు? అయినా వెళ్లాను.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకోరాదా బావా? అందులోనూ చుట్టూ వినిపిస్తుందట."

"కళ్లు ఎలాగూ లేవు. చెవులు కూడా మూసుకుంటే ఇక నేను ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? మీ అక్క తిట్లు కూడా వినపడవు."

"అది లాభమే కదా."

"నాకు వినపడుతోంది," అంది అక్క వంటింట్లోంచి.

మొదట వెనక స్పీకర్లను తెచ్చి ముందువాటి చోట తగిలించాం. పలికాయి. అంటే అవి బాగున్నాయి. తర్వాత పాత ఆంప్లిఫయర్‌లో ఉన్న పరీక్ష బటన్ నొక్కాం. ఒక్కో స్పీకర్లోంచీ వరసగా స్స్‌మని వచ్చింది, వెనక రెండింట్లోంచి కూడా. అంటే వైర్లూ బాగున్నాయి.

"అయితే జబ్బు దీనిది కాదు. దీనికి తిండి పెట్టేవాడిది," అన్నాడు బావ.

నిజమే. పాత కన్సోల్ సన్నటి ఆప్టికల్ వైరుతో నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిసేది. కొత్తదానికి ఆ వైరు పట్టే చోటే లేదు. అందుకని మేనకోడలు దాన్ని టీవీకి కలిపి, టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ వైరు లాగింది. ఐదుగురికి పంచాల్సిన శబ్దాన్ని మధ్యలో టీవీ ఇద్దరికి సర్ది పంపుతోంది.

టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి, వచ్చిన శబ్దాన్ని ముట్టుకోకుండా పంపమన్నాం. కన్సోల్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఐదు స్పీకర్ల శబ్దాన్నీ డాల్బీ పద్ధతిలో ఒకే మూటకట్టి పంపమన్నాం. సోఫా వెనక కోట గాలి హోరున వీచింది. మేనకోడలు నా వీపు మీద ఒక్కటి చరిచింది.

బావ కాసేపు ఆడి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆలస్యంగా వస్తోంది."

"ఏది?"

"దెబ్బ. ముందు చేతికి తెలుస్తోంది, తర్వాత చెవికి."

ఆటలో కత్తి తగిలితే కంట్రోలర్ చేతిలో అదురుతుంది. ఆ అదురుకీ చప్పుడుకీ మధ్య సందు ఉందంటాడు. నాకు తెలియలేదు. మేనకోడలికీ తెలియలేదు, బొమ్మ చూస్తూ ఆడేదానికి ఎలా తెలుస్తుంది?

"నీ అనుమానం బావా."

"కుట్టు వదులైతే వేలికి తెలియదట్రా? పోనీలే, బాగానే ఉంది."

అక్క నన్ను పక్కకి లాగింది. "ఆ 'బాగానే ఉంది' విన్నావా? చేతులు లాగుతున్నాయన్నప్పుడూ ఇదే గొంతు. రేపటికి మళ్లీ సొరుగులోకే."

వీధి చివర పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఆయన్ని అందరూ నిదానం గారంటారు. ప్రశ్న అడిగి, టీ తాగొస్తే అప్పటికి జవాబు తయారవుతుంది. మరునాడు ముగ్గురం వెళ్లాం.

"సారు చెప్పింది నిజమేనండీ," అన్నాడాయన, చాలాసేపటికి. "కన్సోల్ మూట కట్టాలి. టీవీ దాటించాలి. ఆంప్లిఫయర్ విప్పాలి. ప్రతిచోటా రవ్వంత ఆగుతుంది. మూటే కట్టకుండా పంపాలంటే, కన్సోల్‌ని హెచ్.డి.ఎం.ఐ. వైరుతో నేరుగా రిసీవర్‌కి, అంటే బొమ్మా శబ్దం రెండూ తీసుకునే ఆంప్లిఫయర్‌కి, కలపాలి. బొమ్మ అక్కణ్నుంచి టీవీకి పోతుంది. మీ పాత ఆంప్లిఫయర్‌కి ఆ వసతి లేదు."

"అయితే పెద్దదే కొనాలా?" అంది మేనకోడలు భయంగా.

"గది ఎంత?"

"ఇద్దరు పోట్లాడుకుంటే మూడోవాడు బయట నిలబడాలి," అన్నాడు బావ.

"అయితే వాట్లు చూడకండి. ఏడు స్పీకర్లవీ తొమ్మిది స్పీకర్లవీ అసలు చూడకండి. హెచ్.డి.ఎం.ఐ. వైర్లు రెండు మూడు పట్టాలి, ఐదు స్పీకర్ల శబ్దాన్ని విడివిడిగా తీసుకోవాలి. అంతే, మిగతాదంతా అట్టపెట్టె మీద రాతలు."

అట్టడుగు అరలోంచి ఎవరో వాడి అమ్మేసిన రిసీవర్ తీశాడు. బావ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూశాడు. "బరువుంది. మంచిదే అయ్యుంటుంది."

"బరువు చూసి కొనడానికి ఇదేమన్నా గుమ్మడికాయా సార్?"

"మరి రంగు చూసి కొనమంటారా?"

"ఒక్క లోపం ఉందండీ. పాత మోడలు. కొత్త కన్సోల్ ఇచ్చే బొమ్మని ఇది పూర్తి నాణ్యతతో టీవీకి పంపలేదు."

"బొమ్మ కాస్త తగ్గినా నేను సర్దుకుపోతాలెండి," అన్నాడు బావ గంభీరంగా. నిదానం గారు గబుక్కున నవ్వడం నేను చూసింది అప్పుడే.

రిసీవర్‌తో అరచేతిలో ఇమిడే మైకు కూడా వచ్చింది. అది పెట్టి బటన్ నొక్కితే, రిసీవర్ ఒక్కో స్పీకర్‌తో కూత వేయించి, ఏది ఎంత దూరంలో ఉందో విని సర్దుకుంటుంది. అంతసేపూ గదిలో ఎవరూ కిక్కురుమనకూడదు. అక్క ఫ్రిజ్ కూడా ఆపేసింది. మొదటి కూతకే నాకు నవ్వొచ్చింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ వచ్చింది. ఈసారి అక్క నా రెక్క పట్టుకుని బయట నిలబెట్టి తలుపేసింది. అందుకని మూడోసారి మైకుని జరిపి ఎక్కడ పెట్టారో నేను చూడలేదు.

బయట నిలబడి విన్నాను. కూతలు ఆగాయి. కోట గాలి. అడుగులు. తర్వాత ఏమీ లేదు. ఇది కూడా కుదరకపోతే ఇక ఆయన ఏ సాయంత్రమూ ఆ సొరుగు తెరవడని నాకు తెలుసు. అరుగు మీద సున్నం పెళ్లలు గోటితో గీకుతూ ఉండిపోయాను.

"చచ్చాడు! వెనకనుంచొచ్చాడు, చచ్చాడు!" బావ గొంతు వీధి వీధంతా వినిపించింది.

దారిన పోయే ఒకావిడ ఆగి నావంక భయంగా చూసింది. "ఆటండీ," అన్నాను.

అక్క తలుపు తీసి గడప మీద కూలబడింది. "హమ్మయ్య," అంది. లోపల తండ్రీకూతుళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి సెలవు రోజుల్లో నేను వెళ్లేవాణ్ని. గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వినగానే బావ సోఫా మధ్యలోంచి కుడిపక్కకి జరిగి, "రా, ఇక్కడ కూర్చో, ఇక్కడ స్పాంజి కొత్తది," అనేవాడు. స్పాంజి సంగతేమో గానీ, ఆ వరస తప్పిన గుండీ నా వెన్ను మధ్యలో గుచ్చుకునేది. విచిత్రం ఏమిటంటే, నేనున్నప్పుడల్లా ఆయన ఓడిపోయేవాడు.

"మిగతా రోజుల్లో మీ నాన్న గెలుస్తాడంటే నేను నమ్మనే. అన్నీ గొప్పలు."

"నీ అడుగు అలాంటిదిరా," అని నవ్వేవాడు. మేనకోడలు ఏదో అనబోతే మోచేత్తో పొడిచేవాడు.

ఆయన పోయిన కొన్నాళ్లకి, ఒక సాయంత్రం మేనకోడలు కంట్రోలర్ తీసింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో కోట గాలి వీచింది. వంటింట్లో అక్క చేతిలో గిన్నె చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. మాకు ఏడుపు రాలేదు, హాయిగానే ఉంది. నేను అలవాటుగా మధ్యలో కూర్చున్నాను. గుండీ ఈసారి గట్టిగా ఉంది.

"మామయ్యా, ఆ రోజు మైకు అక్కడే పెట్టాం. నువ్వు బయటున్నావు," అంది అది, తెరమీంచి కళ్లు తిప్పకుండా. "ఐదు స్పీకర్లూ సరిగ్గా కలిసేది ఆ సీట్లోనే. తడుముకుని కూర్చోవడానికి నాన్న అక్కడ గుండీ కుట్టుకున్నాడు. నువ్వొస్తే మాత్రం లేచిపోయేవాడు. వాడికి వినడం రాదు, కనీసం మంచి చోట కూర్చోనీ, అనేవాడు. కుడిపక్క సీట్లో వెనక ఎడమ స్పీకర్ సరిగ్గా వినపడదు మామయ్యా."