చెయ్యి పడని బియ్యం

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, తిరువూరులో 'ఆటోమేటిక్' అన్న మాటకున్న గౌరవం కలెక్టరుకి కూడా లేదు. (అర్థం అడిగితే చెప్పేవాడు మాత్రం లేడు.) మా ఓనరు గారు పాత మర పీకించి కొత్త రైస్ మిల్లు పెట్టి, "వడ్లు ఇటు పోస్తే బియ్యం అటు, మధ్యలో మనిషి చెయ్యి పడదు" అని రిక్షాలో మైకు పెట్టించి ఊరంతా చాటించారు. దాని ఆపరేటర్ని నేనే కాబట్టి కొన్నాళ్ళు నేనూ కాలరెగరేశాను. కానీ పాత మరలో బియ్యం చెరిగి బతికిన మా మేనత్తనీ, ఆవిడతో కూర్చునే ఆడవాళ్ళనీ ఇక రావద్దన్న రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. చెరిగినవాళ్ళు నూకలు ఇంటికి పట్టుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. వెనకా ముందూ ఎవరూ లేని ఆవిడకి ఆ నూకల జావే భోజనం.

అయితే ప్రారంభోత్సవం భోజనాల్లో ఓనరు గారే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కటుక్కుమనిపించారు. మిషను పొట్టు తీసింది, తవుడు తీసింది గాని రాళ్ళ జోలికి పోలేదు. మర్నాడే మా అత్తకి కబురు! కానీ మిల్లు పరువు పోకూడదు కదా, ఆడవాళ్ళని ఊక గుట్ట వెనకాల కూర్చోబెట్టి, ఎవరైనా చూడ్డానికొస్తే కిక్కురుమనొద్దన్నారు. ఎంత అన్యాయం! రాళ్ళు ఏరేది వీళ్ళు, పూలదండలు మిషనుకి!

ఓసారి విజయవాడ నుంచి బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా అత్తకి ఊక ధూళికి దగ్గు తెర వచ్చింది.

"ఏంటండీ ఆ చప్పుడు?" అన్నాడాయన.

"మిషనే సార్, కొత్తది కదా," అన్నారు ఓనరు గారు చెమట తుడుచుకుంటూ.

నిజం నా నోటిదాకా వచ్చింది. అంతలో మా అత్తే చేట పట్టుకుని, ఒళ్ళంతా ఊకతో, గుట్ట వెనకనుంచి లేచి నిలబడింది.

"అవునండీ, మిషన్నే. కాసిని మంచినీళ్ళు పోయించండి, పొద్దుట్నుంచీ ఆగకుండా ఆడుతున్నా."

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు మిల్లు గుమ్మం ముందే, గాలి తగిలే చోట కూర్చున్నారు.

తర్వాత రాళ్ళు తీసే మిషనూ వచ్చింది. ఈసారి నిజంగానే చెయ్యి పడలేదు. "పోన్లేరా, దగ్గన్నా తగ్గుద్ది," అంది మా అత్త. తగ్గింది కూడా. నూకల సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. ఆవిడ బదులు నేనే ఓనరు గారి మీద అరిచాను. ఎవరు విన్నారు, ఆ మిషన్ల మోతలో!

అన్నంలో రాయి తగిలి ఎన్నేళ్ళయిందో. అయినా మొదటి ముద్ద ఇప్పటికీ నెమ్మదిగానే నములుతాను. "రోజూ ఏం వెతుకుతారండీ అన్నంలో?" అంటుంది మా ఆవిడ. రాయి కోసమంటే నవ్వుతుందని, ఊరికే తల ఊపి రెండో ముద్ద కలుపుకుంటాను.