అలుగు పారిన మాట నిజమే

మా బావమరిది అబద్ధం చెప్పలేదు. ముందు ఈ మాట రాసి, తర్వాత మిగతావి రాస్తాను. మిగతావి చదివే ఓపిక లేనివాళ్లు మా ఆటగాళ్ల గ్రూపులో చాలామందే ఉన్నారు. వాళ్లు మొదటి వాక్యం చదివి వెళ్లిపోయినా నాకు చాలు.

మార్కాపురంలో నాకొక జిరాక్స్ షాపు ఉంది. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, రైలు టికెట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పొద్దున జనం, సాయంత్రం జనం, మధ్యాహ్నం మాత్రం ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీలోనే నాకీ ఆట అలవాటైంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆట తెరిస్తే కంప్యూటర్లో ఒక పెద్ద నేల కనిపిస్తుంది. కొండలు, వాగులు, అడవి. గెలవడం, ఓడడం ఉండవు. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, పైరు వేసుకోవచ్చు, ఊరికే తిరగొచ్చు. తెలిసినవాళ్లను పిలిస్తే వాళ్లూ వచ్చి అదే నేల మీద ఇల్లు కట్టుకుంటారు. నా షాపు కంప్యూటర్లో నేను తెరిచిన నేల మీదికి గిద్దలూరు నుంచి, త్రిపురాంతకం నుంచి, పామూరు నుంచి మనుషులు వచ్చేవాళ్లు. వాళ్లలో చాలామంది ముఖాలు నాకు తెలియవు. ఇళ్లు మాత్రం తెలుసు.

ఆ ఆటను తిట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లు చెప్పే తప్పులన్నీ నిజమే. ఆవు గోడలోకి దూరి, తల ఒక్కటి బయట పెట్టి నిలబడుతుంది. చెట్టు మొదలు నరికితే కొమ్మలు గాల్లోనే ఉండిపోతాయి. మిద్దె కింద కూర్చున్నా నెత్తిన వాన పడుతుంది. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు నీళ్ల గురించి. ఒకసారి నిండిన గుంట ఎంత తోడినా తగ్గదు. గట్టు తవ్వితే నీళ్లు బయటికి పోతూనే ఉంటాయి, గుంట నిండుగానే ఉంటుంది. అట్లాగే ఎంత వాన పడినా మట్టం పెరగదు. నీళ్ల సంగతే తెలియనివాళ్లు చేసిన ఆట ఇది అని నగరాల నుంచి రాసేవాళ్లు.

వాళ్లకు జవాబు చెప్పేది నేనే. మీ ఇళ్లలో కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి కాబట్టి మీకది తప్పులా కనిపిస్తోందని రాశాను. మా వైపు ఒక బోరు పోతే ఇంకొకటి, అదీ పోతే మరొకటి వేయించి, గొట్టంలోంచి లేచే దుమ్ము చూసి ఇంటికొచ్చిన రైతులున్నారు. ట్యాంకరు వచ్చే లోపల బిందెలు వరసగా పెట్టి, ఆ వరసను కాపలా కాసిన చిన్నతనం మాది. అట్లాంటివాళ్లకు తోడినా తగ్గని నీళ్లున్న నేల ఒకటి దొరికింది, దాన్ని సరిచేయమని మేం అడగలేదు అని రాశాను. ఆ జవాబుకు గ్రూపులో మంచి పేరొచ్చింది. అప్పటి నుంచి ఆట గురించి ఏ అనుమానం వచ్చినా నన్నే అడిగేవాళ్లు. నేను చెప్పిందే చివరి మాట. అది నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ నేల మీద నేనొక ఊరు కట్టాను. మా ఊరు పలకలకు పేరున్న ఊరు కాబట్టి గోడలన్నీ నల్ల పలకరాయితోనే కట్టాను. బజారు, గుడి, మసీదు, చర్చి, రైల్వే స్టేషను. ఏళ్ల తరబడి మధ్యాహ్నాలన్నీ అందులోకే పోయాయి. మా ఆవిడ రోజూ అన్నం క్యారియరు తెచ్చి బల్ల మీద పెట్టేది. తెర వైపు ఒక చూపు వేసి, "ఇంకా ఈ బొమ్మలాటేనా, అన్నం చల్లారిపోతాంది" అని వెళ్లిపోయేది. నేనూ చూడమని అడగలేదు. అడగకుండానే చూడాలని ఉండేది.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, కంభంలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వేసవిలో తప్ప పని తక్కువ. ఒకసారి షాపుకొచ్చినప్పుడు నేనే ఆట చూపించి, నేనే నేర్పాను. మొదట్లో తను తవ్విన గుంటలో తనే పడి, "బావా, పైకి లాగు" అని ఫోను చేసేవాడు. నాకు నవ్వొచ్చేది. అతను ముద్దొచ్చేవాడు కూడా. తర్వాత కొన్నాళ్లకు రెండు కొండల మధ్య సందు ఒకటి వెతుక్కుని, ఆ సందుకు అడ్డంగా మట్టి పోయడం మొదలుపెట్టాడు. ఏంది అది అని అడిగితే, చెరువు బావా అన్నాడు.

కంభం చెరువే. అక్కాతమ్ముళ్లిద్దరూ పుట్టి పెరిగింది ఆ చెరువు కింది ఊళ్లో. కట్ట వంపు, తూము, మధ్యలో తేలే గుట్టలు, అన్నీ అతనికి కళ్లకు కట్టినట్టుండేవి. కొండ పక్కన కట్టను కొంచెం తగ్గించి, రాళ్లు పరిచి, అది అలుగు అన్నాడు. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. ఈ ఆటలో వానకు మట్టం పెరగదని నాకు తెలుసు. ఆ అలుగు ఎప్పటికీ పారదని తెలుసు. అతనికి చెప్పలేదు. తెలియనిది ఒకటి అతని దగ్గర ఉండనీ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ క్యారియరు పెట్టి వెనక్కి తిరగబోయి ఆగింది. తెర మీద ఆ చెరువు ఉంది.

"ఇది మా చెరువు గదా" అంది.

స్టూలు లాక్కుని కూర్చుంది. వెంటనే తమ్ముడికి ఫోను చేసి, తూము నువ్వు పెట్టిన చోట కాదు, ఇంకా ఇవతల అని వాదన పెట్టుకుంది. అమ్మ బట్టలుతికే బండ ఏదని అడిగింది. అతను కంభంలో తన కంప్యూటరు ముందు, ఆ ఫోను చెవిన పెట్టుకునే, బండ తెచ్చి పెట్టాడు. "ఇంకొంచెం నీళ్లలోకి జరుపు రేయ్, నాయన ఆడనే గదా ఎద్దుల్ని కడిగేది" అంది. బండ జరిగింది. ఆ రోజు చల్లారిపోయిన అన్నం గురించి ఆమెకు గుర్తే లేదు.

మరునాటి నుంచి ఆమె క్యారియరు కాస్త ముందే తెచ్చేది. నేను నా ఊరు తెరిచి ఉంటే, "చెరువు పెట్టు" అనేది. గ్రూపులోనూ అదే వరస. అతను పెట్టిన చెరువు ఫొటోల కింద వాన కురిసినట్టు మెచ్చుకోళ్లు. కంభంలో ఆడబిడ్డనిచ్చిన వాళ్లు, పిల్లను తెచ్చుకున్న వాళ్లు, ఎప్పుడో బస్సులోంచి చూసిన వాళ్లు, అందరూ మాట్లాడారు. నేను ఆట తరఫున చేసిన వాదనలన్నీ పైకి పైకి జరిగి కనిపించకుండా పోయాయి. నా పలకల ఊరి ఫొటో ఒకటి పెట్టాను. ఎవరో బొటనవేలు గుర్తు ఒకటి వేశారు. చూస్తే మా బావమరిదే.

ఈర్ష్య అనే మాట రాయడం తేలిక. నాకది ఎక్కడుండేదో చెబుతాను. మా ఆవిడ స్టూలు మీద ముందుకు వంగి ఆ నీళ్లను చూస్తుంటే, ఆమె మోచెయ్యి నా మోచేతికి తగులుతుండేది. ఆ తగిలే చోట ఉండేది. అంత దగ్గరగా ఆమె నా షాపులో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంది నా కోసం కాదు.

ఆమె పుట్టింటికి వెళ్లిన ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. ఆటలో వాన పడుతోంది. నేను పార తీసుకుని కట్ట మీదికి వెళ్లాను. నడిమధ్య గండి కొట్టే ధైర్యం లేకపోయింది, అందరికీ కనిపిస్తుంది. కొండ పక్కన, అతను అలుగు కోసం తగ్గించిన చోట అయితే మరుగు. రాళ్లు తీసి, నీటిమట్టం కిందికి తవ్వాను. నీళ్లు బయటికి దూకాయి. కళ్లు మూసుకున్నంత పని చేసి ఆట ఆపేశాను.

ఇక్కడ నా బుద్ధి ఎట్లా పనిచేసిందో నాకే అర్థం కాదు. గండి కొట్టినా గుంట తగ్గదని లోకానికి వాదించి చెప్పినవాణ్ణి నేను. అయినా చెరువు తెగితే ఖాళీ అవుతుందనే నమ్మకం లోపలెక్కడో ఉంది. మా వైపు పుట్టినవాడికి అది పోదేమో. సాయంత్రానికి అక్కడ బురద తప్ప ఏమీ ఉండదనుకున్నాను.

సాయంత్రం కాకముందే ఫోను మోగింది. మా బావమరిది.

"బావా, అలుగు పారతాంది బావా."

ఆట తెరిచి చూశాను. చెరువు నిండుగా ఉంది. వాన పడుతూనే ఉంది. కొండ పక్కన, అతను అలుగు అని పేరు పెట్టుకున్న చోటే, నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. చూసినవాడెవడైనా అలుగనే అంటాడు. గండి అనడానికి చెరువు తగ్గాలి కదా. తగ్గలేదు.

నిజమైన కంభం చెరువు అలుగు పారడం ఎప్పుడో గాని జరగదు. జరిగినప్పుడు మార్కాపురం, గిద్దలూరు బండ్లన్నీ అటే పోతాయి. ఆడవాళ్లు పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ నీళ్లలో వదిలి దండం పెడతారు. అతను గ్రూపులో అందరినీ పిలిచాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు కట్ట మీద వరసగా నిలబడ్డారు. ఆటలో పసుపూ కుంకుమా ఉండవు. పసుపుపచ్చ పూలు, ఎర్ర పూలు కోసుకొచ్చి నీళ్లలో వేశారు. పుట్టింట్లో ఉన్న మా ఆవిడ తమ్ముడి ఫోను లాక్కుని, "ఏమయ్యా, నా పేరుతో నువ్వు వెయ్యి. ఎర్రవి, పచ్చవి రెండూ వెయ్యి" అంది. గండి కొట్టిన చేతులతోనే పూలు వేశాను. అవి నేను తవ్విన కాలువలోంచి తిరుగుతూ కిందికి పోయాయి.

అక్కడితో ఆగి ఉంటే బహుశా నేనిది రాసేవాణ్ణి కాదు.

నగరం నుంచి రాసే పెద్దమనిషి ఒకడు, ఆటను ఎప్పుడూ తిట్టేవాడే, ఆ ఫొటోలు చూసి గ్రూపులో అడిగాడు. ఈ ఆటలో వానకు మట్టం పెరగదు, మరి అలుగెట్లా పారింది, ఏదో దొంగ సాఫ్ట్‌వేరు వాడి జనాన్ని మోసం చేస్తున్నాడు అన్నాడు. మా బావమరిది తన తెలుగులో తను జవాబిచ్చాడు. నేనేమీ చేయలేదు, వాన వచ్చింది, అలుగు పారింది. నవ్వులు మొదలయ్యాయి. అతనికి అలుగుగాడు అని పేరు పెట్టారు. చివరికి, బావా నువ్వు చెప్పు, ఆట గురించి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు అని అతనే నన్ను అడిగాడు.

నేను రాసింది ఇది: ఈ ఆటలో వానకు నీటిమట్టం పెరగదు, అది మాత్రం వాస్తవం.

అక్షరం అబద్ధం లేదు. రాసి, టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అతణ్ణి దొంగ అనేశారు. ఆట మీద ఇన్నాళ్లూ నేను చేసిన వాదనలన్నీ పక్కన పెట్టి, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకున్నారు. అతను గ్రూపులోంచి వెళ్లిపోయాడు. చెరువు దగ్గరికి రావడం మానేశాడు. మా ఆవిడ స్టూలు మళ్లీ మూలకు చేరింది. ఆ రాత్రే నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గాని, పట్టింది.

రాగి తీగ కోసం అతను మార్కాపురం వచ్చిన రోజు షాపుకు వచ్చాడు. కంప్యూటరు వైపు కూర్చోలేదు. రోడ్డు వైపు తిరిగి టీ తాగాడు. తీగ ధర గురించి మాట్లాడాడు, పని లేదన్నాడు. గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"నాకే కళ్లు సరిగ్గా లేవేమో బావా. పారినట్టే కనిపించింది."

తన కళ్లను తనే నమ్మడం మానేశాడు. అది నేను అనుకోలేదు. చెప్పేశాను. పార, వాన, కొండ పక్కన తవ్వింది, అంతా.

"ఎందుకు బావా?" అన్నాడు.

"మీ అక్క నా ఊరు ఒక్కసారన్నా చూళ్లేదు."

అతను ఖాళీ గ్లాసును తీసి, చూసి, మళ్లీ పెట్టాడు.

"దానికి చెరువు తెంచినావా? నాకు చెప్పింటే మీ ఊరి దాకా కాలవ తీసిండేవాణ్ణి గదా."

అక్కకు చెప్పినావా అని అడిగాడు. లేదన్నాను. "ముందు గ్రూపులో రాయి. అక్కకు ముందు చెప్తే, రాసేదానికి నువ్వుండవు" అన్నాడు. నవ్వలేదు. అయినా అది పాత బావమరిది గొంతే.

అందుకే ఇది రాస్తున్నాను. అతను ఏ సాఫ్ట్‌వేరూ వాడలేదు. నీళ్లు నిజంగానే పారాయి. పారించింది నేను. ఇక ఆట గురించి ఒక్క మాట. ఆ తప్పు, గండి కొట్టినా చెరువు తగ్గని ఆ తప్పు, లేకపోయి ఉంటే నా ఒక్క మధ్యాహ్నపు కడుపుమంటకు అతని కష్టమంతా ఎండిపోయేది. దాన్ని సరిచేయాలని కంపెనీకి రాసేవాళ్లు రాసుకోండి. నా సంతకం అడగొద్దు.

గండి పూడుస్తానంటే అతను వద్దన్నాడు. అక్కడి నుంచే కాలువ తవ్వుతున్నాడు, నా ఊరి వైపు. అతను చెప్పిన వరస తప్పి, మా ఆవిడకే ముందు చెప్పేశాను; ఆ రోజు ఆమె నాతో మాట్లాడలేదు, తర్వాతా సరిగ్గా మాట్లాడటం లేదు. కాని స్టూలు మూలలోంచి వచ్చింది. కాలువ ఎంత వరకు వచ్చిందో చూడటానికి కూర్చుంటోంది. నిన్న నీళ్లు రైల్వే స్టేషను దాకా వచ్చాయి. వాటి వెంటే ఆమె కూడా మొదటిసారి నా ఊళ్లోకి వచ్చింది. పలకరాతి గోడల పక్కన మా చెరువు నీళ్లు ఎంత బాగున్నాయో చూడు అంది. మా చెరువు నీళ్లు. గోడల గురించి ఏమీ అనలేదు. పాత మంట మళ్లీ మోచేతి దగ్గర చురుక్కుమంది.

ఇంకొంచెం ముందుకు వంగి, "ఈ స్టేషన్లో బెంచీలు లేవేంది? మనుషులు యాడ కూచుంటారు?" అంది.

ఈ మధ్యాహ్నం బెంచీలు చేస్తున్నాను.